యూసీఎల్‌ఏ బ్రూయిన్స్

అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరంలో 1919లో ఏర్పడిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాఖను యూసీఎల్‌ఏ అని, దాని తరఫున బరిలోకి దిగే క్రీడా జట్లన్నిటినీ కలిపి బ్రూయిన్స్, అంటే ఎలుగుబంట్లు, అని పిలుస్తారు. ఈ పేరు 1926లో స్థిరపడింది. అమెరికాలో విశ్వవిద్యాలయాల మధ్య పోటీలను నిర్వహించే జాతీయ కళాశాలల క్రీడాసంఘాన్ని ఎన్‌సీఏఏ అంటారు. ఆ సంఘం ఇచ్చే జట్టు టైటిళ్లలో యూసీఎల్‌ఏ 120కి పైగా గెలుచుకోగా, ఈ లెక్కలో దానిని మించినది స్టాన్‌ఫర్డ్ ఒక్కటే. టైటిళ్ల పట్టిక ఎంత పెద్దదైనా, చర్మం రంగు వల్ల మరోచోట అవకాశం దక్కని క్రీడాకారులకు ఇక్కడ దక్కిన చోటే ఈ జట్ల చరిత్రలో అన్నిటికన్నా విలువైన అధ్యాయం.

ఆ అధ్యాయానికి 1939 నాటి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మొదలు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టి ఎదుటివారిని తప్పించుకుంటూ పరుగెత్తే ఈ ఆటలో ఆనాటి పెద్ద విశ్వవిద్యాలయాలు చాలావరకు నల్లజాతి క్రీడాకారులను తీసుకునేవి కావు. తీసుకున్నా ఒకరిద్దరితో సరిపెట్టేవి. యూసీఎల్‌ఏ జట్టులో మాత్రం కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్, జాకీ రాబిన్సన్ ముగ్గురూ కీలక స్థానాల్లో ఆడారు. అదే ఏడాది చివర్లో పొరుగు ప్రత్యర్థి అయిన సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో జరిగిన పోటీని లక్షమందికి పైగా ప్రేక్షకులు చూడగా, గోల్ గీత కొద్ది గజాల దూరంలో ఉండగా యూసీఎల్‌ఏ దాడి ఆగిపోయి ఆట 0-0తో ముగిసింది. విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న వెస్ట్‌వుడ్ పేటలో నల్లజాతివారికి ఇళ్లు అమ్మని రోజులవి అన్న సంగతి కూడా ఇక్కడ మరువరాదు.

ఒక ఆటలో విశ్వవిద్యాలయానికి ప్రాతినిధ్యం వహించినవారికి ఇచ్చే గుర్తింపును ‘లెటర్’ అంటారు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, అథ్లెటిక్స్, బేస్‌బాల్ నాలుగింటిలోనూ లెటర్ సాధించిన తొలి యూసీఎల్‌ఏ విద్యార్థి రాబిన్సనే. 1940లో అతడు లాంగ్ జంప్‌లో ఎన్‌సీఏఏ విజేత కాగా, ఆ నాలుగింటిలో అంతంతమాత్రంగా ఆడినది బేస్‌బాల్ ఒక్కటే. ఆ సీజనులో అతడి బ్యాటింగ్ సగటు 0.097కు మించలేదు. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున ఆడి, దశాబ్దాలుగా శ్వేతజాతికే పరిమితమైన ప్రధాన లీగుల గోడను అతడు పగలగొట్టింది ఆ బేస్‌బాల్‌తోనే. అంతకు ఒక్క ఏడాది ముందు వాషింగ్టన్, స్ట్రోడ్ వృత్తి ఫుట్‌బాల్‌లో అదే పని చేశారు. 2014లో విశ్వవిద్యాలయం రాబిన్సన్ గౌరవార్థం 42వ జెర్సీ సంఖ్యను ఇకపై తన జట్లలో ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది.

బ్రూయిన్స్ పేరును ప్రపంచానికి చాటింది బాస్కెట్‌బాల్. 1948లో కోచ్‌గా చేరిన జాన్ వుడెన్‌కు మొదట దొరికినది కుస్తీ, జిమ్నాస్టిక్స్ జట్లతో పంచుకోవలసిన ఇరుకు వ్యాయామశాల. సాధనకు ముందు నేలను అతడే తుడిచేవాడు. సీజను మొదటి రోజున మేజోళ్లు ముడత పడకుండా తొడుక్కోవడం నేర్పేవాడు. ముడత బొబ్బకు దారితీస్తుందని, బొబ్బ వస్తే సాధన ఆగుతుందని అతడి లెక్క. తొలి జాతీయ టైటిల్‌కు 16 ఏళ్లు పట్టింది. 1964 నాటి ఆ జట్టులో ప్రధాన ఆటగాళ్లెవరూ 196 సెంటీమీటర్లకు మించి పొడవు లేకపోయినా, ప్రత్యర్థి చేతికి బంతి అందిన క్షణం నుంచే కోర్టు పొడవునా కమ్ముకునే ‘జోన్ ప్రెస్’ పద్ధతితో 30 ఆటలకు 30 గెలిచింది. ఆ ఏడాది నుంచి 1975లో అతడు విరమించేవరకు 12 సీజన్లలో 10 టైటిళ్లు దక్కగా, వాటిలో ఏడు 1967 నుంచి 1973 వరకు వరుసగా వచ్చాయి. తర్వాత కరీం అబ్దుల్-జబ్బార్‌గా ప్రసిద్ధుడైన ల్యూ ఆల్సిండర్, బిల్ వాల్టన్ ఆ కాలపు మేటి ఆటగాళ్లు. 1973 ఫైనల్లో వాల్టన్ 22 షాట్లలో 21 బుట్టలో వేశాడు. వరుసగా 88 విజయాల పరంపరకు 1974 జనవరిలో నోటర్‌డేమ్ తెరదించింది.

అథ్లెటిక్స్‌లో మరపురాని ఘట్టం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో చోటుచేసుకుంది. పది పోటీల పాయింట్లను రెండు రోజుల్లో కూడగట్టే డెకాత్లాన్‌లో తొలి రెండు స్థానాల కోసం తలపడిన రేఫర్ జాన్సన్, తైవాన్ నుంచి వచ్చిన యాంగ్ చువాన్-క్వాంగ్ ఇద్దరూ యూసీఎల్‌ఏలో ఎల్విన్ డ్రేక్ వద్ద కలిసి సాధన చేసినవారే. చివరి 1,500 మీటర్ల పరుగులో యాంగ్ సుమారు పది సెకన్ల తేడాతో గెలిస్తే స్వర్ణం అతడిది. దూరంగా దూసుకుపొమ్మని యాంగ్‌కు, అతడి వెన్నంటే ఉండమని జాన్సన్‌కు ఒకే గురువు సలహా ఇచ్చాడు. జాన్సన్ 1.2 సెకన్ల వెనుక గీత దాటి, 58 పాయింట్ల ఆధిక్యంతో స్వర్ణం గెలిచాడు. టెన్నిస్‌లో ఆర్థర్ ఆష్ 1965లో ఎన్‌సీఏఏ సింగిల్స్, జట్టు టైటిళ్లు రెండూ సాధించి, 1975లో వింబుల్డన్ గెలిచిన తొలి నల్లజాతి పురుషుడయ్యాడు.

ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలు స్త్రీలపట్ల వివక్ష చూపరాదన్న ‘టైటిల్ 9’ చట్టం 1972లో వచ్చాక మహిళా జట్ల దశ తిరిగింది. 1982లో మొదలైన ఎన్‌సీఏఏ మహిళా సాఫ్ట్‌బాల్ పోటీల తొలి టైటిల్ యూసీఎల్‌ఏదే. ఆ ఆటలో ఇప్పటికి 12 దక్కాయి. ఇక్కడే బాస్కెట్‌బాల్ కూడా ఆడిన జాకీ జాయ్నర్-కెర్సీ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఏడు పోటీల హెప్టాథ్లాన్‌లో నెలకొల్పిన 7,291 పాయింట్ల ప్రపంచ రికార్డు, అదే ఏడాది మరో బ్రూయిన్ ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్నర్ 100 మీటర్లలో నెలకొల్పిన 10.49 సెకన్ల రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు.

1995 బాస్కెట్‌బాల్ విజేత జట్టు నాయకుడు ఎడ్ ఓబానన్ తన రూపాన్ని వీడియో గేములో అనుమతి లేకుండా వాడుకున్నారని ఎన్‌సీఏఏపై దావా వేసి, 2014లో అనుకూల తీర్పు పొందాడు. విద్యార్థి క్రీడాకారుల శ్రమకు డబ్బు ముట్టకూడదన్న పాత నియమానికి పడిన పెద్ద దెబ్బల్లో ఇది ఒకటి. 2021 నుంచి వారు తమ పేరు, రూపాల వాడకానికి ప్రతిఫలం పొందవచ్చు. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే వారికి నేరుగా చెల్లించే వీలు కలిగింది. 2024లో యూసీఎల్‌ఏ పసిఫిక్ తీరపు పాత కూటమిని వీడి బిగ్ టెన్‌లో చేరడంతో, ఇప్పుడు దాని జట్లు లీగు ఆటల కోసం న్యూజెర్సీ వరకు ప్రయాణిస్తున్నాయి.