పటాన్‌చెరు రేగడి: ఒకే పొలమునకు దశాబ్దాల కొలత

సికింద్రాబాదు నుండి బొంబాయి పోవు రహదారి వెంట వాయవ్యముగా సుమారు 30 కిలోమీటర్లు పోయినచో పటాన్‌చెరు వచ్చును. సికింద్రాబాదు చుట్టును గుండ్రాళ్ళ గుట్టలు, ఎర్రని చెల్క నేలలు కానవచ్చును. పటాన్‌చెరు చేరుసరికి కొన్ని చోట్ల నేల నల్లబడును. ఈ రెండు విధములైన నేలలును ఒకే ఆవరణలో దొరకుట వలన, 1972లో మెట్ట పంటల పరిశోధనకై స్థాపితమైన అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్‌కు ఈ చోటు అనుకూలమైనది. సుమారు 1,400 హెక్టార్ల ఈ ఆవరణ కొరకు మన్మూల్, కాచిరెడ్డిపల్లి అను గ్రామముల వారు తమ ఊళ్ళు విడిచి వేరొక చోటికి తరలవలసివచ్చినది. కాబట్టి అచ్చటి నేల మనకేమి నేర్పినదని అడుగుట న్యాయమే. ఆ ప్రశ్నకు ఒక ముఖ్యమైన జవాబు, 1976లో అచ్చటి నల్లరేగడిలో మొదలైన ఒక ప్రయోగములో నున్నది.

రేగడి స్వభావము మన రైతులకు తెలియనిది కాదు. ఎండినచో చేయి దూరునంత పగుళ్ళు విచ్చును. తడిసినచో జిగురై నాగలికి, ఎద్దుల డెక్కలకు అంటుకొనును. వానాకాలములో అందులో అడుగు పెట్టుట కష్టము. అందుచేత ఈ ప్రాంతపు రైతులు చాలమంది వానలు కురియు నెలలలో రేగడిని బీడుగా విడిచి, వానలు వెనుకబట్టిన తరువాత నేలలో నిలిచిన పదును మీద జొన్నయో శనగయో వేసెడివారు. ఇందు తెలివి లేకపోలేదు, నష్టమును లేకపోలేదు. ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వానలో అధిక భాగము పంట లేని బోడి నేల మీద పడును. ఆ నీరు పారిపోవునప్పుడు మట్టిని వెంట గొనిపోవును.

దీనికి మార్గము వెదకినవారిలో బి. ఏ. క్రాంట్జ్, జేకబ్ కాంపెన్ మొదలగు శాస్త్రజ్ఞులు ముఖ్యులు. వారి పద్ధతిలో పొలమును స్వల్పమైన వాలుతో వెడల్పాటి మళ్ళుగను, వాటి నడుమ సన్నని కాలువలుగను తీర్చెదరు. మడి, కాలువ కలిసి 150 సెంటీమీటర్ల వెడల్పు. పంట మడి మీద నుండును. మిగులు నీరు కాలువ గుండ నెమ్మదిగా దిగిపోవును. తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తనము వేయుదురు. జొన్నలోగాని మొక్కజొన్నలోగాని కందిని అంతరపంటగా వేసి, మితముగా రసాయనిక ఎరువు వాడుదురు. దీనికి పోలికగా మరియొక పొలమును పాత పద్ధతిలోనే ఉంచిరి: వానాకాలములో బీడు, తరువాత ఒక పంట, రెండేండ్లకొకసారి పశువుల ఎరువు.

ఇంతవరకు ఇది సామాన్యమైన ప్రయోగమే. అసామాన్యమైన విషయమేమనగా, దీనిని రెండు మూడేండ్లకు ముగింపక నాలుగు దశాబ్దాలకు పైగా సాగించుట.

ఇట్టి ఆలోచనకు పూర్వులు లేకపోలేదు. ఇంగ్లండులోని రోథాంస్టెడ్‌లో లాస్, గిల్బర్టు అను ఇరువురు 1843లో మొదలిడిన గోధుమ పొలపు ప్రయోగము నేటికిని సాగుచున్నది. మన దక్షిణాదిన కోయంబత్తూరులో 1909లో ఎరువుల మీద శాశ్వత ప్రయోగము ప్రారంభమైనది. కాని మనవంటి మెట్ట రేగడి కథను చెప్పుటకు మెట్ట రేగడియే కావలెను.

నేలను, నీటిని కొలుచుట ఎట్లు? పొలములోని నీరంతయు ఒక మూలకు చేరునట్లు వాలు ఏర్పరచి, ఆ మూలన కొలతలు తెలిసిన కట్టడపు కాలువ నిర్మింతురు. అందులో నీటి మట్టము ఎంత లేచినదో, ఎంతసేపు నిలిచినదో పరికరము నమోదు చేయును. దానినిబట్టి ఎన్ని ఘనపు మీటర్ల నీరు పోయినదో లెక్కకట్టవచ్చును. ఆ నీటి నుండి నమూనాలు తీసి, ఆరబెట్టి, మిగిలిన మట్టిని తూచినచో ఎంత నేల కొట్టుకుపోయినదో తేలును. గింజల తూకము, వాన లెక్క, వేర్వేరు లోతుల మట్టి నమూనాలు వీటికి తోడు.

ఈ పని చూచుటకు నీరసముగా నుండును. ఒకనాటి అంకె ఏమియు చెప్పదు. ఒక యేడు కరవు, మరుసటి యేడు అతివృష్టి. దిగుబడి పైకి క్రిందికి ఊగుచుండును. ఆ ఊగులాటలో దాగియున్న నెమ్మదియైన మార్పు ఏండ్లు గడచిననే కాని కనబడదు.

2003లో సుహాస్ పి. వాణి, ఆయన సహచరులు 24 ఏండ్ల లెక్కలను ప్రకటించిరి. పాత పద్ధతి పొలము హెక్టారుకు ఏటా సగటున సుమారు ఒక టన్ను గింజలు ఇచ్చినది. క్రొత్త పద్ధతి పొలము ఐదు టన్నులకు దరిదాపుగా ఇచ్చినది. దిగుబడి పాత పొలములో ఏటా 25 కిలోలకు, క్రొత్త పొలములో 80 కిలోలకు అటునిటుగా పెరుగుచు వచ్చినది. క్రొత్త పొలము నుండి పారిపోయిన నీరు పాతదానితో పోల్చగా సగముకన్న తక్కువ. కొట్టుకుపోయిన మట్టి నాలుగవ వంతు ప్రాంతము.

అన్నిటికన్న ఆశ్చర్యకరమైన ఫలితము వేరొకటి. 1976లో ప్రయోగము ప్రారంభించినప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గురించిన చింత లోకములో ఇంతగా లేదు. తరువాతి కాలమున భూగోళము వేడెక్కుచున్నదని తెలిసి, ఆ వాయువులోని కర్బనమును నేల తనలో దాచుకొనగలదా అను ప్రశ్న వచ్చినది. అప్పుడు ఈ పొలముల మట్టిని 120 సెంటీమీటర్ల లోతు వరకు పరీక్షించిరి. పాత పొలములో హెక్టారుకు 39.5 టన్నుల సేంద్రియ కర్బనము, క్రొత్త పొలములో 46.8 టన్నులు కనబడినవి. వ్యత్యాసము 7.3 టన్నులు.

విద్యార్థులు ఇచ్చట ఒక చిన్న లెక్క వేయవలెను. 7.3 టన్నులను 24 ఏండ్లకు పంచినచో ఏటికి సుమారు 300 కిలోలు. ఒక హెక్టారులో 120 సెంటీమీటర్ల లోతు వరకు గల మట్టి 12,000 ఘనపు మీటర్లు. దాని బరువు సుమారు ఒకటిన్నర కోట్ల కిలోలు. అనగా ఏటా కలిగిన తేడా 50 టన్నుల మట్టిలో ఒక కిలో! ఇంత సూక్ష్మమైన మార్పును రెండేండ్ల ప్రయోగము ఎట్లు పట్టగలదు? అప్పటికి ఎవ్వరును అడుగని ప్రశ్నకు ఈ పొలము జవాబు చెప్పగలిగినదన్నచో, మధ్యలో ఎవ్వరును దానిని దున్ని మరియొక పనికి వాడకపోవుటయే కారణము.

అయితే ఈ అంకెలను జాగ్రత్తగా చదువవలెను. రెండు పొలములలో మళ్ళ తీరు, పంటలు, ఎరువు అన్నియు ఒక్కసారిగా వేరు. కాబట్టి ఇది రెండు వ్యవసాయ విధానముల పోలికయే గాని, ఫలితములో ఏ ఒక్క అంశపు వంతు ఎంతయో విడదీసి చెప్పదు. అంతేకాదు, పరిశోధన క్షేత్రములో గెలిచినది ఊరిలో గెలువకపోవచ్చును. మళ్ళు తీర్చుటకు తయారుచేసిన చక్రముల ఎడ్ల పనిముట్టు ఖరీదైనది. ఆశించినట్లు రైతులు దానిని స్వీకరింపలేదు. ఈ అనుభవము తరువాత శాస్త్రజ్ఞులు గ్రామముననే రైతులతో కలిసి పనిచేయ పూనిరి. 1999లో రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ప్రారంభమైన నీటి పరివాహక ప్రాంత పథకము అట్టిది. అచ్చట వాన, వాగు నీరు, బావుల మట్టము, దిగుబడి అన్నియు రైతుల పొలముల నడుమనే కొలిచిరి.

ఇట్టి ప్రయోగములకు పెద్ద శత్రువు తెగులు కాదు, కరవు కాదు; మానవుని అసహనము. ఐదేండ్లకు ఫలితము చూపుమని అడుగువారికి ఏబదియేండ్ల పొలము వ్యర్థముగా తోచును. ఒక్క యేడు కొలత మానినచో ఆ సంవత్సరము మరల రాదు. పొలము నాశనమైనచో దానితో గడచిన కాలమంతయు పోవును. ఎంత ధనము వెచ్చించినను ఆ కాలమును కొనలేము.

ఉపాధ్యాయులు దీనిని చిన్న రూపములో బడిలోనే ఆరంభింపవచ్చును. బడి ఆవరణలో ఒక వానమాపకము, సమీపమున ఒక బావి, ఒక గట్టి అట్ట నోటుపుస్తకము చాలును. వానను ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు కొలువుడు. బావి గట్టు మీద ఒక గుర్తు పెట్టి, అచ్చటి నుండియే నెలకొకసారి నీటి లోతు చూడుడు. చోటును, వేళను, పద్ధతిని మార్చకుడు. మార్చక తప్పనిచో ఆ సంగతి తేదీతో వ్రాయుడు. పదవ తరగతి వారు పోవునప్పుడు పుస్తకమును తొమ్మిదవ తరగతి వారికి అప్పగింపుడు. మొదటి పేజీ వ్రాసిన విద్యార్థికి అందులో విశేషమేమియు కనబడదు. ఇరువది యేండ్ల తరువాత అదే బడిలో చదువు అతని బిడ్డ ఆ పేజీని తిరుగవేసి, ఊరి బావి కథను చదువగలుగును.