కాలువయు కౌలును



మా పామర్రు చుట్టుపట్ల వరి పండని యేడు అరుదు. పుల్లేరు కాలువ నీటిని చూచుచు పెరిగిన పిల్లవానికి కరువనునది పుస్తకములోని మాట మాత్రమే. నేను బడిలో ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పితిని. కరువను పదము వచ్చినప్పుడెల్ల పిల్లలు తెల్లబోయి నా మొగము చూచెడివారు. అట్టి మన సీమలోనే ఒకనాడు జనులు అన్నము లేక దారుల వెంట పడి చచ్చిరి. ఆ కరువెట్లు పోయినదని అడిగినచో, కాలువలవలన పోయినదని మీరందురు. అది నిజమే గాని సగము నిజము. తక్కిన సగము నేలమీది హక్కునకు సంబంధించినది. ఆ సగమును నేడు మీకు మనవి చేయదలచితిని.

నందననామ సంవత్సరమున, అనగా 1832-33లో, వానలు వెనుదీసెను. ఆ కరువునే మన పెద్దలు డొక్కల కరువనిరి. గుంటూరు మండలమున ఐదు లక్షల జనములో రెండు లక్షల వరకు నశించిరని ఆ కాలపు అంచనా. కృష్ణ కీవల నున్న బందరు మండలమునకును ఆ బాధ తప్పలేదు. ఏటేట కృష్ణ వరదనీరు సముద్రమున కలియుచునే యుండెను. దానిని పొలముల కెక్కించు ఉపాయము మాత్రము లేకుండెను.

అయినను వానలు తప్పినంతమాత్రమున అంత జనము చచ్చుటకు వేరొక హేతువు కూడ కలదు. రైతు గాదెలో గింజ నిలువ లేకుండెను. 1802లో కుంపిణీవారు శాశ్వత పరిష్కారము చేసి, జమీందారు తమకు చెల్లింపవలసిన పేష్కషును స్థిరపరచిరి. రైతు జమీందారున కీయవలసినది మాత్రము స్థిరపడలేదు. కొన్ని యూళ్లలో పంటను అంచనా వేసి పాలు పంచుకొనెడివారు. కొన్ని యూళ్లలో విసబడి యను పద్ధతి నడచెను. ఊరికంతకు ఒక మొత్తమును నిర్ణయించి, దానిని రైతులు తమలో తాము వీసముల లెక్కన పంచుకొనుటయే విసబడి.

ఈ విసబడిలో ఒక వింత యేర్పాటుండెను. పొరుగువాని చేనికి పన్ను తక్కువ పడినదని తలచినవాడు, దానిని హెచ్చు పన్నునకు తాను తీసికొందునని సవాలు చేయవచ్చును. అప్పుడు పొరుగువాడు ఆ హెచ్చునకైన ఒప్పుకొనవలెను, చేనినైన విడువవలెను. ఎరువు తోలి, గట్లు వేసి, చౌడు విరిచిన చేనికే గదా సవాలు వచ్చునది! ఇక నేలను బాగుచేయుటకు ఎవనికి మనసొప్పును? రేపు ఈ చేను తనదో కాదో యెరుగనివాడు దానికి ఎరువు తోలడు, బావి త్రవ్వడు. అట్టివాని గాదె ఒక్క కరువునకే అడుగంటును.

పిమ్మట నీరు వచ్చెను. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరముకడ గోదావరికి ఆనకట్ట కట్టించి చూపిన దారినే, 1852లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట మొదలుపెట్టిరి. ఆర్ అను ఇంజనీరు పని నడపగా అది 1855లో ముగిసెను. కొండలు పగులగొట్టి తెచ్చిన రాళ్లను నదిలో వేసి కట్టిన ఆ కట్ట శతాబ్దకాలము మనకు అన్నము పెట్టెను. 1957 నుండి ఆ పనిని ప్రకాశము బరాజు చేయుచున్నది. 1876-78లో ధాత కరువు రాయలసీమను మాడ్చినపుడు, మన డెల్టాలో కాలువల క్రింది పొలములు పండుచునే యుండెను.

నీరు వచ్చినంతనే నేల విలువ పెరిగెను. నేల విలువ పెరిగినంతనే, నేల యెవరిదను ప్రశ్నయు పెరిగెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ అనేక జమీలు బకాయిలు పడి దొరతనమువారి స్వాధీనమై, ఆ గ్రామములు క్రమముగా రైత్వారీ లోనికి వచ్చెను. అచ్చట రైతు పేరు సర్కారు లెక్కకెక్కెను. చల్లపల్లి, నూజివీడు మొదలగు జమీలు మాత్రము నిలిచెను. 1908లో వచ్చిన ఎస్టేటు భూముల చట్టము జమీ రైతునకు సాగుహక్కును ఒప్పుకొనెను. 1937లో రాజాజీ మంత్రివర్గమున రెవెన్యూ మంత్రియైన టంగుటూరి ప్రకాశము పంతులుగారు జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షులై, నేలకు యజమాని రైతే, జమీందారు పన్ను వసూలుచేయువాడు మాత్రమే యని తేల్చిరి. 1939లో ఆ మంత్రివర్గము రాజీనామా చేయుటచే ఆ మాట అప్పుడు చట్టము కాలేదు. ఎట్టకేలకు 1948లో జమీందారీ రద్దు చట్టము వచ్చెను. కుంపిణీవారు 1802లో వేసిన ముడి విప్పుటకు నూటనలువదియారేండ్లు పట్టినది.

ఇచ్చట కథ ముగిసినదని చాలకాలము నేనును తలచితిని. కాని జమీందారు పోయి రైతు పేరు పట్టాకెక్కినపుడు, ఆ రైతువద్ద కౌలునకు దున్నువాని పేరు ఏ లెక్కలోను చేరలేదు. కౌలుదారుని రక్షణకై 1956లో ఆంధ్ర ప్రాంతమునకు ఒక చట్టము వచ్చెను. అది గడువును, మక్తా పరిమితిని విధించెను. దానికి ఫలమేమనగా, భూమి చేజారునను భయమున మనమందరము కౌలును కాగితముమీదినుండి నోటిమాటకు దింపితిమి. వానిని కాపాడుటకు వచ్చిన చట్టమే వాని పేరును చెరపివేసినట్లయ్యెను.

దీనికిని కరువునకును సంబంధమేమని యడుగుదురేమో. 1943లో బంగాళమున కరువు వచ్చి ముప్పది లక్షల వరకు జనులు చచ్చిరి. అమర్త్య సేన్ గారు 1981లో ప్రకటించిన తమ గ్రంథమున ఆ కరువును పరిశీలించి, ఆ యేడు దేశములో గింజ మరీ తగ్గలేదనియు, గింజను పొందు శక్తి లేని కూలివారును, జాలరులును అధికముగా చచ్చిరనియు చూపిరి. పండుట వేరు, దక్కుట వేరు. మా పామర్రు చెంతనున్న నిమ్మకూరున పుట్టిన నందమూరి తారక రామారావుగారు 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యము పంచుట మొదలుపెట్టిరి. 2013లో ఆహారభద్రత చట్టము దేశమంతటికి వచ్చెను. ఇవి పేదవాని పొయ్యి ఆరకుండ కాపాడినవి, కాదనను. అయినను ధాన్యము పండించువాడే చౌకదుకాణము ముందు సంచి పట్టుకొని నిలుచుట చూచినపుడు, వాని పంట ఎచ్చటికి పోయినదని అడుగక తప్పదు.

ఇక నా సంగతి చెప్పెదను. తండ్రిగారివలన నాకు సంక్రమించిన రెండెకరములను పదునెనిమిదేండ్లుగా ఒకే కుటుంబము కౌలునకు చేయుచున్నది. ఎకరమునకు 30 బస్తాలు పండిన యేట 15 నా యింటికి చేరును. ఎరువులు, కూలి, వడ్డీ పోగా అతనికి మిగులునది స్వల్పము. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చెను. పదునొకండు నెలల ఒప్పందముపై యజమాని సంతకము చేసినచో, కౌలుదారుడు బ్యాంకు అప్పును, బీమాను, నష్టపరిహారమును తన పేరున కోరవచ్చును. యజమాని హక్కునకు లోటు రాదు. అతడు ఆ కాగితము తెచ్చి, “మాస్టారూ, ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి” అని యడిగెను. “మన మధ్య కాగితాలెందుకురా అబ్బాయీ” యని పంపివేసితిని.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి, కోసి వేసిన పనలను నీట ముంచెను. పొలము నా పేరున నుండుటచే పరిహారము నాకే వచ్చెను. దానిని తీసికొనిపోయి అతని చేతిలో పెట్టి, ఆ యేటి మక్తాను విడిచితిని. అతడా సొమ్మును కన్నుల కద్దుకొని, “మీరు గనుక ఇచ్చారు మాస్టారూ” అనెను. ఆ మాట నాకు మెప్పుగా వినబడలేదు. ఆ సొమ్ము అతనిది. నేను దయ తలచినందున మాత్రమే అతనికి దక్కెను. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన పెట్టుబడి యప్పు మాత్రము అతని తలమీదనే నిలిచెను. నా సంతకమున్నచో అతడు బ్యాంకు అప్పునకు పోగలిగెడివాడు. జమీందారు దయపై బ్రతికిన రైతు కథను ఇన్నేండ్లు బడిలో చెప్పిన నేను, తెలియకయే రెండెకరముల జమీందారునైతిని.

మరుసటి యేట నేనే అతనిని పిలిచి సంతకము చేసితిని. నా పొలము ఎచ్చటికిని పోలేదు. గట్టు జానెడైనను జరుగలేదు. అతడు మాత్రము ఆ యేడు చేనికి రెండు బండ్లు పశువుల ఎరువు అదనముగా తోలించెను.

పెద్దలారా, మీలో ననేకులు పొలములు కౌలున కిచ్చినవారే. మీ భయము నేనెరుగుదును. అది నా భయమే. కాలువ త్రవ్వించుట మన చేతిలో లేదు, చట్టము చేయుట మన చేతిలో లేదు. కౌలు కాగితముమీద దున్నువాని పేరు వ్రాసి సంతకము చేయుట మాత్రము మన చేతిలోనే యున్నది. ఈ సార్వాకు విత్తనములు చల్లకమునుపే ఆ పని చేయుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.