వానలో విప్పిన పడగ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం మిత్రులు అడిగితే, అందరిలాగే నేనూ బడి ముచ్చట్లు రాద్దామనుకున్నాను. చింతచెట్టు, గంట, గోడ దూకడం... అవన్నీ నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచుల్లో చాలామంది ఉన్నారు. నాకు ఒక బాకీ ఉంది, అది తీర్చుకుంటాను.

ఇదే బడిలో చదివి, తర్వాత ముప్పై ఏళ్లకు పైగా అక్కడా ఇక్కడా సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏటా బౌద్ధం పాఠం వచ్చేది. నల్లబల్ల మీద సాంచీ స్తూపం గీసేవాణ్ణి. అమరావతి అనేవాణ్ణి, అజంతా అనేవాణ్ణి. పదవీ విరమణ రోజున ఒక పాత విద్యార్థి వచ్చి దండ వేసి, కాళ్లకు మొక్కి, నవ్వుతూనే అడిగాడు: "సార్, సాంచీ బొమ్మ మీరు భలే గీసేవారు. మరి ధూళికట్ట గురించి మాకు ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర జవాబు లేదు. బస్సు దొరకదు, పర్మిషన్ రాదు, సిలబస్‌లో లేదు అని సర్ది చెప్పొచ్చు. నిజం ఏమిటంటే, చరిత్ర అనేది మన ఊళ్లకు దూరంగా ఎక్కడో ఉంటుందని నేనూ నమ్మాను. మేం ఈ బడిలో చదివే రోజుల్లో, 1970ల మొదట్లో, పురావస్తు శాఖ వాళ్లు ధూళికట్టలో తవ్వుతున్నారు. పెగడపల్లి నుంచి బండి మీద పోతే గంటకు అటూ ఇటూ. మాకు ఆ ముచ్చటే తెలియదు.

ఆ మరుసటి వారమే వెళ్లాను. హుస్సేనివాగు ఒడ్డున పొలాల మధ్య స్తూపం. సాంచీలా ఆకాశంలోకి లేచి నిలబడదు. ఇటుకల దిబ్బ, దాని చుట్టూ సున్నపురాయి పలకలు. కొంత దూరంలో మట్టికోట ఉన్న పాత పట్టణం దిబ్బ. ఆంధ్రులకు ప్రాకారాలున్న పట్టణాలు ముప్పై ఉండేవని గ్రీకు, రోమన్ రచయితల మాట; వాటిలో ఇదొకటి కావచ్చని పండితులు అంటారు. ఆ సంగతి పండితులకు వదిలేద్దాం. నేను నిలబడిపోయింది ఒక పలక ముందు.

ఆ పలక మీద చుట్టలు చుట్టుకున్న పాము. అయిదు తలల పడగ విప్పి ఉంది. అలాంటి పలకలు ఆ స్తూపం చుట్టూ చాలా ఉన్నాయి. పడగ కింద ఉండాల్సిన మనిషి మాత్రం లేడు.

ఆ పాము పేరు ముచలిందుడు. బుద్ధుడికి జ్ఞానోదయమైన తొలి వారాలలో కాలం కాని కాలంలో పెద్ద వాన పట్టింది. ఏడు రోజులు ఈదురుగాలి, చలి. ముచలిందుడనే నాగరాజు పుట్టలోంచి వచ్చి, ఆయన ఒంటి చుట్టూ ఏడు చుట్లు చుట్టుకొని, తల మీద పడగ పట్టాడు. వాన వెలిసిన తర్వాత పడుచువాడి రూపంలో ఎదుట నిలిచి చేతులు జోడించాడు. పాలి గ్రంథాల్లో ఉన్న కథ ఇంతే.

మన వాగొడ్డు శిల్పి పామును చెక్కాడు, పడగను చెక్కాడు. బుద్ధుణ్ణి చెక్కలేదు. చేత కాక కాదు. అంత నిండుగా పామును మలిచినవాడికి మనిషి ముఖం కష్టం కాదు. క్రీస్తుకు ముందు శతాబ్దాల బౌద్ధశిల్పంలో సాధారణంగా బుద్ధుడి రూపం కనబడదు. పాదాలు, ఖాళీ ఆసనం, బోధివృక్షం, చక్రం, గొడుగు ఉంటాయి. సాంచీలోనూ అంతే. గోదావరి వైపే పారే వైనగంగ ఒడ్డున, విదర్భలోని పౌనీలోనూ ముచలిందుడి పడగ కింద ఖాళీ ఆసనమే ఉంది. ఎందుకు అన్నదానికి పండితులు రకరకాలుగా చెబుతారు. నాకు నచ్చినది ఇది: నిర్వాణం పొందినవాడు ఆరిపోయిన దీపం. ఆరిన దీపం ఎటు పోయిందో చెప్పలేం. చెప్పలేనిదాన్ని చెక్కడమెలా?

ఇక్కడ మన గోదావరి ముచ్చట ఒకటి చెప్పాలి. సుత్తనిపాతంలో బావరి అనే ముసలి బ్రాహ్మణుడి కథ ఉంది. అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉండేవాడు. ఆయన ఆశ్రమం ఉన్నది నిర్మల్ వైపు బాదనకుర్తి లంకలో అని కొందరి అభిప్రాయం. బుద్ధుడి సంగతి విని, తాను కదలలేక, పదహారుమంది శిష్యులను ఉత్తరాదికి పంపాడు. వాళ్లలో పింగియుడూ ముసలివాడే. తిరిగొచ్చి గురువుతో బుద్ధుణ్ణి తెగ పొగుడుతుంటే, మరి ఆయన్ని విడిచి ఎలా వచ్చావని ప్రశ్న వచ్చింది. పింగియుడి జవాబు సారాంశం ఇదీ: నా ఒళ్లు సహకరించదు, అక్కడికి పోలేను, కానీ రాత్రీ పగలూ మనసుతో ఆయన్ని చూస్తూనే ఉన్నాను, విడిచి ఉన్నది లేదు.

ధూళికట్ట పలక ముందు నిలబడితే పింగియుడి మాట అర్థమైంది. శిల్పి చోటు ఖాళీగా వదిలాడు. చూసేవాడు తన మనసుతో నింపుకోవాలి. ఇది కళలో లోపం కాదు, ఆ ధర్మం అడిగే పనే అది.

తర్వాతి కాలం వాళ్లు అంత ఓపిక పట్టలేదు. అమరావతి, నాగార్జునకొండలలో బుద్ధుడి రూపం వచ్చేసింది. అమరావతి పలకల మీద స్తూపాన్నే పాములు చుట్టుకొని కాపలా కాస్తున్నట్టు కూడా చెక్కారు. సముద్రం దాటి కంబోడియాలో అయితే, పాము చుట్టల మీద కళ్లు మూసుకొని కూర్చున్న బుద్ధుడే అన్నిటికంటే ప్రియమైన మూర్తి అయ్యాడు. మన వాగు ఒడ్డున వదిలిన ఖాళీని అంగ్‌కోర్ శిల్పులు నిండుగా నింపారు.

ఇదే వాన, ఇదే పడగ మరో రెండు చోట్ల ఉన్నాయి. జైనుల ఇరవై మూడో తీర్థంకరుడు పార్శ్వనాథుడు తపస్సులో నిలబడి ఉండగా, పూర్వజన్మల పగతో ఒకడు కుంభవృష్టి కురిపిస్తాడు. ధరణేంద్రుడనే నాగరాజు పడగ పడతాడు. ఇక దేవకీ కొడుకును బుట్టలో పెట్టుకొని వసుదేవుడు యమున దాటే రాత్రి, వానలో వెనకాలే శేషుడు పడగ విప్పి వస్తాడు. ఇది మన ఇళ్లలో కృష్ణాష్టమికి ప్రతి పిల్లవాడూ వినే కథే.

మూడు మతాలు, మూడు వానలు, ఒకే పడగ. అయితే "అన్నీ ఒకటే" అని చెప్పి పాఠం ముగించే అలవాటు మా మాస్టర్లకు ఉంది, నాకూ ఉండేది. అది సోమరి మాట. పడగ ఒకటే, దాని కింద ఉన్నది వేరు. పార్శ్వనాథుడి విగ్రహం చూడండి. నిలువుగా, చేతులు వేలాడేసి, ఒంటి మీద నూలుపోగు లేకుండా ఉంటాడు. వాన పట్టదు, పాము కూడా పట్టదు. రక్షించేవాడి మీద మమకారం కూడా బంధమేనన్న ఆలోచన ఆ రాతిలో ఉంది. విష్ణువు దగ్గర లెక్క వేరు. ఉండవల్లి గుహలో అనంతపద్మనాభుణ్ణి చూసినవాళ్లకు తెలుస్తుంది, ఆయన పాము మీదే హాయిగా పడుకున్నాడు. అక్కడ పాము ఆపద నాటి సాయం కాదు, సొంత పరుపు, కుటుంబంలో మనిషి. భక్తుడు ఎలా ఉండాలో శేషుడు చూపిస్తాడు. మన ధర్మపురిలో నరసింహ శతకం చెప్పిన కవి పేరు శేషప్ప కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

మన చుట్టుపక్కల ఈ మతాలు ఎంత దగ్గరగా మసలాయో చూడాలంటే గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట ఎక్కాలి. క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు అక్కడ జినమూర్తులను, ఎనిమిది చేతుల చక్రేశ్వరిని చెక్కించి సంస్కృతం, కన్నడం, తెలుగులలో శాసనం వేయించాడు. అందులోని తెలుగు కందాలు నన్నయ కంటే దాదాపు వందేళ్లు ముందువి. ఆ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. వేములవాడ చాళుక్యరాజు అరికేసరి పంపడికి అగ్రహారంగా ఇచ్చిన ధర్మవురం మన ధర్మపురే అని చాలామంది అభిప్రాయం. జైనకవికి శైవం వెలసిన వేములవాడ రాజు ఇచ్చిన ఊరు, ఇవాళ నరసింహక్షేత్రం. చక్రేశ్వరిని ఊరివాళ్లు బొమ్మలమ్మ అని కొలిచారు. తీర్థంకరులు ఎవరో గుర్తులేకపోయినా అమ్మను మాత్రం వదులుకోలేదు.

ఈ అమ్మ ముచ్చట దగ్గరే మా బాపమ్మ గుర్తొస్తుంది. పొలం గట్టున వేపచెట్టు కింద మాకో జంటనాగుల రాయి ఉండేది. నాగుల పంచమి నాడు దానికీ పుట్టకూ పాలు పోసేది. డిగ్రీలో చేరిన కొత్తలో, నాలుగు పుస్తకాలు చదివిన పొగరుతో, రాయికి పాలు పోస్తే ఏమొస్తదని ఎగతాళి చేశాను. బాపమ్మ కోపం చేయలేదు.

"రాయికి కాదు బిడ్డా. వానలు పడంగనే పొలంల కాలు పెడతం. అది గూడ బొర్రెలకెల్లి అప్పుడే బయటికొస్తది. దానితోని మంచిగ ఉండాలె గద."

నలభై ఏళ్ల తర్వాత ధూళికట్టలో ఆ మాట మళ్లీ వినబడింది. వానాకాలం నాట్లేసే మనిషికి అన్నిటికంటే భయం దేనికి? బురదలో కాలికింద ఏముందో తెలియని ఆ పాముకే. సరిగ్గా ఆ భయాన్నే తెచ్చి వానకు గొడుగు చేశారు ఈ కథలు చెప్పినవాళ్లు. బౌద్ధుడు, జైనుడు, వైష్ణవుడు అందరూ వాన, బురద, పాము తెలిసిన రైతుల ఊళ్ల మీదుగానే నడిచారు. పుట్ట దగ్గరి నాగమ్మను తోసెయ్యలేదు, తమ స్వామి వెనక నిలబెట్టుకున్నారు. ముందు ఉన్నది ఆ నాగమ్మే అని నా నమ్మకం. మా వేపచెట్టు రాతి మీద పడగ కింద బుద్ధుడూ లేడు, విష్ణువూ లేడు. ఉన్నది పామే. కొలిచిందీ దాన్నే.

ఆ జంటనాగుల రాయి ఇప్పుడు లేదు. పొలం చదును చేయించినప్పుడు డోజరు పక్కకు నెట్టింది. చేయించింది ఎవరో కాదు, నేనే. అప్పటికి బాపమ్మ లేదు. రాయి ఎటు పోయిందో వెతకాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. రెండు వేల ఏళ్ల నాటి పలకను చూసి కళ్లు చెమర్చినవాణ్ణి, ఇంటి రాయిని పోగొట్టుకున్నాను. మొదట చెప్పిన బాకీలో ఇది పెద్ద భాగం. మీ ఊళ్ల గట్ల మీద, గుడి వెనక, చెరువు తూము దగ్గర ఇంకా ఇలాంటివి ఉండే ఉంటాయి. ఆయిల్ పెయింట్ పూయకముందు, సిమెంటు గద్దెలో సగం పూడ్చకముందు ఒక ఫోటో తీసి, ఏ ఊరో రాసి పెట్టండి. మన సంఘం దగ్గర ఒక రిజిస్టర్ ఉంచితే నేను కూర్చొని రాస్తాను, ఇప్పుడు తీరికే.

ధూళికట్ట నుంచి తెచ్చిన శిల్పాలు కొన్ని కరీంనగర్ మ్యూజియంలో ఉన్నాయి. అవి చూసి స్తూపం దగ్గరకు పోతే బాగా అర్థమవుతుంది. ఉత్సవాలు అయిపోయాక ఇప్పుడు బడిలో ఉన్న తొమ్మిదో తరగతి పిల్లలను ఒక పూట తీసుకుపోదామని హెడ్మాస్టరు గారిని అడిగాను, సరేనన్నారు. బస్సు ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. ఎవరైనా వెంట రావచ్చు. వానలు తగ్గాకే పెట్టుకుందాం. అక్కడ గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది, పిల్లలు బూట్లు వేసుకొని రావాలి.