రామన్ మొదటి పరిశోధన

మన పాఠశాలలలోను కళాశాలలలోను ‘ప్రాజెక్టు’ అను మాట నేడు మిక్కిలి పరిచితమైనది. ఉపాధ్యాయుడు విషయము నిచ్చును. విద్యార్థి అట్టలు, జిగురు, రంగుకాగితములు కొనితెచ్చును. తక్కిన పని తరచుగా ఇంటిల్లిపాదికిని పడును. గడువునాటికి వస్తువు సిద్ధమగును, మార్కులు పడును. ఇదంతయు వ్యర్థమని మేమనము. కాని విషయ మిచ్చువారు లేక, గడువు పెట్టువారు లేక, మార్కుల ఆశ లేక, ఒక విద్యార్థి తనకు తానై ఒక పనిని మొదలిడి తుదముట్టించిన వృత్తాంత మొకటి మన దేశచరిత్రలో కలదు. అందు మన విశాఖపట్టణమునకును కొంత భాగమున్నది. దానిని ఇచట చెప్పనెంచినాము.

ఆ విద్యార్థి చంద్రశేఖర వెంకట రామన్. 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించెను. తండ్రి చంద్రశేఖర అయ్యరుగారు 1892లో విశాఖపట్టణమునందలి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా చేరుటచే బాల్యము ఆ సముద్రతీరముననే గడచెను. ఇంట పుస్తకములు మెండు. తండ్రిగారికి ఫిడేలు వాయించు అలవాటుండెడిది. ఒకప్పుడు బాలుడు జబ్బుపడి, లైడెన్ జాడీ పనిచేయు విధము చూపినగాని నిద్రపోనని మారాము చేసెనని చెప్పుదురు. 11వ యేట మెట్రిక్యులేషన్, పిమ్మట తండ్రిగారి కళాశాలలోనే ఎఫ్.ఏ. ముగించుకొని మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలకు పోయెను. అచట తరగతిలో కూర్చున్న ఆ చిన్నవానిని చూచి ఆచార్యుడొకరు, నీవు ఈ తరగతివాడవేనా, నీ వయస్సెంత యని ప్రశ్నించిరట. 1904లో బి.ఏ. పరీక్షలో అతడే ప్రథముడు. ఇంగ్లండు పోయి చదువుమని గురువులు ప్రోత్సహించిరి గాని, వైద్యాధికారి పరీక్షించి, ఈ బక్కపలుచని దేహము అచటి చలికి తాళదని తేల్చెను. కావున ఎం.ఏ. చదువుటకు రామన్ మదరాసులోనే నిలిచిపోయెను.

భౌతికశాస్త్రాచార్యుడు జోన్స్ దొర. ఆయన పద్ధతి విచిత్రమైనది. తమంతట తాము చదువుకొనగలవారి జోలికి పోరాదని ఆయన నమ్మకము. అందుచే రామన్‌కు తరగతికి రావలెనను నిర్బంధము లేకపోయెను; ప్రయోగశాల తలుపులు మాత్రము తెరచియుండెను. ఆ స్వేచ్ఛ నమ్మరానంత గొప్పదని రామన్ పెద్దవాడైన తరువాత గూడ తలచుకొనెడివాడు. ఆ కాలమున హెల్మ్‌హోల్ట్జ్ ధ్వనిశాస్త్రగ్రంథము అతని మనస్సునకు బాగుగా పట్టినది. పరీక్షకు కావలసిన పుస్తకము కాదది. అయినను చదివెను.

ఇక అసలు పని ఎట్లు మొదలైనదో చూతము. భౌతికశాస్త్రము చదివినవారందరు స్పెక్ట్రోమీటరు నెరుగుదురు. నడుమ బల్లమీద గాజుపట్టకము నుంచి, దాని ముఖములపై వెలుగు పడునట్లు చేసి, పరావర్తనమైన వెలుగును దుర్భిణితో పట్టి, పట్టకకోణమును కొలుచుట విద్యార్థులకు నిత్యకృత్యము. కోణము సరిగా వచ్చినదా, నోటుబుక్కులో వ్రాసి సంతకము చేయించుకొని ఇంటికి పోవుదురు. రామన్ కూడ ఆ పనియే చేయుచుండెను. అయితే వెలుగు పట్టకముఖమును దాదాపు ఒరసికొనిపోవునట్లు పడినపుడు, దుర్భిణిలో చీలిక ప్రతిబింబమునకు ఇరువైపుల సన్నని వెలుగుచీకటిపట్టీలు కనబడినవి. ఆ పట్టీలు రెండువైపుల సమముగా లేవు. ఒకవైపు వెడల్పుగా, వేరొకవైపు ఇరుకుగా ఉన్నవి.

వెలుగు సన్నని సందుగుండ పోవునపుడు వంగి ఇట్టి పట్టీలను కల్పించుట వివర్తనమని అప్పటికే పుస్తకములలో ఉన్నది. కాని పుస్తకములలోని పట్టీలు తూచినట్లుగా ఇరుప్రక్కల సమానములు. ఇచట సందెక్కడిది? అసమానత ఏల వచ్చినది? ఇంతకు ముందు ఎందరు విద్యార్థుల కంటను ఇట్టి పట్టీలు పడి, పనికిరాని వస్తువులని విడువబడినవో చెప్పజాలము.

సమాధానము వినిన పిమ్మట సులభముగానే తోచును. నాలుగు సెంటీమీటర్ల వెడల్పుగల గాజుముఖమును ఎదురుగా నిలిచి చూచిన నాలుగు సెంటీమీటర్లే. లంబమునుండి 87 డిగ్రీలు ఓరగా వచ్చు వెలుగునకు మాత్రము అది రెండు మిల్లీమీటర్ల సందుతో సమానము. అనగా పట్టకముఖమే సన్నని దీర్ఘచతురస్రపు రంధ్రమువలె పనిచేయుచున్నది. అట్టి ఓరలో గాజుతలమునకు దగ్గరగా వంగు కిరణములకు కోణము కొంచెము మారినను ఆ రంధ్రపు వెడల్పు మరింత కుంచించుకొనిపోవును; కావున ఆ వైపు పట్టీలు వెడల్పగును. రెండవ వైపున ఇందుకు విపర్యయము. రామన్ ఇంతటితో తృప్తిపడలేదు. ఈ అసమానతను లెక్కకట్టి, పట్టీల స్థానములను కొలిచి, లెక్కయు కొలతయు కలియుచున్నవో లేవో సరిచూచుకొనెను. తరగతిప్రయోగమునకు, పరిశోధనకు నడుమనున్న గీత ఇదియే యని మా అభిప్రాయము. క్రొత్త పరికరమేదియు అక్కరపడలేదు.

వ్యాసము వ్రాసి, అభిప్రాయము చెప్పుడని జోన్స్ దొర చేతికిచ్చెను. వారములు గడచినవి, నెలలు గడచినవి. కాగితము ఆయన బల్లమీదనే యుండెను. ఔననలేదు, కాదనలేదు. ఈ ఘట్టమున గురువును నిందించుట తేలిక. కాని అది న్యాయము కాదనుకొందుము. అప్పటి కళాశాల పాఠములు చెప్పి పరీక్షలకు పంపుటకై ఏర్పడినది. కలకత్తాలో జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రాయి పరిశోధనకు దారితీసియుండిరి గాని, మదరాసులో భౌతికశాస్త్రమున అట్టి సంప్రదాయ మింకను కుదురుకొనలేదు. పదునేడేండ్ల పిల్లవాడు పరిశోధనవ్యాసము తెచ్చి చేతిలో పెట్టిన, దానినేమి చేయవలెనో ఏ ఆచార్యునకైనను వెంటనే తోచకపోవచ్చును. తన ప్రయోగశాలను ఆ పిల్లవానికి వదలిపెట్టినదియు ఈ జోన్స్ దొరయే గదా!

రామన్ ఎదురుచూచి యెదురుచూచి, తుదకు తానే నిశ్చయించుకొనెను. వ్యాసమును లండనులోని ‘ఫిలసాఫికల్ మాగజైన్’ పత్రికకు తిన్నగా పంపెను. 1798లో పుట్టిన పత్రిక అది. ఐరోపాలోని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు వ్రాయుచుండిన తావు. సిఫారసుచీటి లేదు, పేరు వెనుక పట్టములును పెక్కు లేవు. టపా ఓడలో పోవలెను, వారములు పట్టును. తిరస్కరించిన ఆ సంగతి తెలియుటకును అంతకాలమే.

తిరస్కరింపలేదు. దీర్ఘచతురస్రపు రంధ్రమువలన ఏర్పడు అసమవివర్తనపట్టీలను గూర్చిన ఆ వ్యాసము 1906 నవంబరు సంచికలో అచ్చుపడినది. మొత్తము అయిదు పుటలు. రచయిత ఒక్కడే, రామన్. ఆ నెలలోనే అతనికి పదునెనిమిదేండ్లు నిండినవి.

తరువాత ద్రవముల తలతన్యతను వాని తలపు వంపునుబట్టి కొలుచు విధమును గూర్చి రెండవ వ్యాసము సిద్ధపరచెను. ఈ దినములలోనే 1904లో నోబెల్ బహుమానమందిన రేలీ ప్రభువుతో ఉత్తర ప్రత్యుత్తరములు నడచినవి. రేలీ ప్రభువు ఈ విద్యార్థిని కళాశాల ఆచార్యుడనుకొని ‘ప్రొఫెసర్’ అని సంబోధించెనని జీవితచరిత్రకారులు వ్రాయుదురు.

కాని శాస్త్రపరిశోధన చేసికొని బ్రదుకు దారి ఆనాడు మన దేశమున దాదాపు లేదు. 1907లో రామన్ ఎం.ఏ. ముగించి, ప్రభుత్వపు ఆర్థికశాఖ పరీక్ష వ్రాసి ప్రథముడుగా నెగ్గి, కలకత్తాలో అసిస్టెంటు అకౌంటెంటు జనరలు ఉద్యోగమున చేరెను. రెండవ వ్యాసము 1907 నవంబరులో వెలువడునప్పటికి అతడు జమాఖర్చుల దస్త్రముల నడుమ కూర్చుండి యుండెను. అచట బౌబజారు వీధిలో మహేంద్రలాల్ సర్కారు 1876లో స్థాపించిన విజ్ఞానసంఘము కంటబడినది. కచేరీకి పోకముందును, వచ్చిన తరువాతను ఆ ప్రయోగశాలలో గడపుచు పదేండ్లు పని సాగించెను. రామన్ నిజముగా ప్రొఫెసరైనది 1917లో, కలకత్తా విశ్వవిద్యాలయమున పాలిట్ ఆచార్యపదవి నందుకొనినపుడు. అందుకై జీతము తగ్గినను సర్కారు కొలువు వదలుకొనెను.