అడుగుజాడల లెక్క

కొట్టుకొచ్చిన మనిషిని గమనించడం వ్యాపారానికి కొత్త విద్యేమీ కాదు. ఏ ఇంట్లో నెలకెంత పప్పు ఖర్చవుతుందో, ఎవరింట్లో బాలింత ఉందో మన ఊళ్ళల్లో కిరాణా కొట్టు యజమానికి ఖాతా పుస్తకం తిరగెయ్యకుండానే తెలుసు. అయితే ఆ పుస్తకం మన కళ్ళెదుటే ఉండేది. ఆయన మనల్ని చూస్తున్నాడని మనకీ తెలుసు. బేరమాడి కొనకుండా వచ్చేస్తే ఆ సంగతి పుస్తకంలోకి ఎక్కేది కాదు. గత ముప్ఫై ఏళ్ళలో మార్పు వచ్చింది సరిగ్గా ఇక్కడే. వ్యాపార వెబ్‌సైట్లు కొన్నవాళ్ళనే కాదు, చూసి వెళ్ళిపోయిన వాళ్ళనీ రాసిపెట్టుకుంటున్నాయి. ఈ లెక్క ఎలా మొదలైంది, అందులో స్త్రీ ఏ రూపంలో కనిపిస్తుంది అన్నవి నా ప్రశ్నలు.

వెబ్ పుట్టినప్పుడు దానికి జ్ఞాపకం లేదు. ఒక పేజీ చూసి రెండో పేజీకి వెళ్తే, ఆ మనిషే ఈ మనిషని సర్వర్‌కి తెలిసేది కాదు. ఏ కంప్యూటర్ చిరునామా నుంచి, ఏ సమయానికి, ఏ పేజీ అడిగారో చెప్పే ఒక వరుస మాత్రం చిట్టాలో పడేది. ఇలాగైతే కొనుగోలుదారు బుట్టలో వేసిన వస్తువులు గుర్తుండేదెలా? ఈ చిక్కు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ ఉద్యోగి లూ మాంటుల్లీ ఒక ఉపాయం చేశాడు. వచ్చిన వాళ్ళ కంప్యూటర్లోనే ఒక చిన్న చీటీ దాచిపెట్టడం. దాని పేరే కుకీ. దాన్ని మొదట వాడింది నెట్‌స్కేప్ సొంత సైట్‌లో, వచ్చినవాళ్ళు కొత్తవాళ్ళా పాతవాళ్ళా అని తెలుసుకోవడానికి. జేబులో చీటీ ఉన్నట్టు వాళ్ళకెవరూ చెప్పలేదు. 1996లో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాశాకే ఆ సంగతి నలుగురికీ తెలిసింది.

ఒక సైట్ పెట్టిన కుకీని ఇంకో సైట్ చదవలేదు. కానీ వందల సైట్లలో ప్రకటనలు పెట్టే సంస్థ, తన చీటీని ఆ అన్ని చోట్లా తానే చదువుకోగలదు. డబుల్‌క్లిక్ ఎదిగింది ఈ సందులోంచే. 1999లో అది పోస్టు ద్వారా సరుకులు కొనేవాళ్ళ పేర్లూ చిరునామాలూ ఉన్న అబాకస్ సంస్థని కొని, అజ్ఞాత జాడలకు పేర్లు తగిలించాలని చూసింది. గొడవ లేచి 2000లో వెనక్కి తగ్గింది. 2005లో గూగుల్, అర్చిన్ అనే సంస్థని కొని, సందర్శకుల విశ్లేషణని అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. చిన్న చీరల దుకాణానికి కూడా ఆ కన్ను ఖర్చు లేకుండా దొరికింది. 2008లో డబుల్‌క్లిక్ కూడా గూగుల్ చేతికే వచ్చింది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనక నన్ను ముందుగా ఆపేది ఈ వ్యాపారపు భాష. బుట్ట నింపి డబ్బు కట్టకుండా వెళ్ళిపోతే దాన్ని 'అబాండన్డ్ కార్ట్' అంటారు, అంటే వదిలేసిన బుట్ట. ఆ బుట్ట వెనక ఏముందో లెక్కకి తెలియదు. ఆమె దగ్గర సొంత కార్డు లేకపోవచ్చు. ఓటీపీ భర్త ఫోనుకి వెళ్తూ ఉండవచ్చు. కొనలేనివి బుట్టలో వేసుకుని చూసుకోవడమే ఆమెకి మధ్యాహ్నపు సరదా కావచ్చు. లెక్క మాత్రం దీన్ని తడబాటు అనుకుంటుంది, గుర్తుచేస్తూ సందేశం పంపుతుంది.

లెక్కకి అన్నిటికంటే విలువైన సందర్శకురాలు గర్భిణి. అమెరికాలో టార్గెట్ దుకాణాల గురించి 2012లో చార్లెస్ డుహిగ్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసం ఈ సంగతి బయటపెట్టింది. ప్రతి కొనుగోలుదారుకీ ఒక సంఖ్య. కార్డు వాడినా, కూపన్ ఇచ్చినా, వెబ్‌సైట్ చూసినా అన్నీ దాని కిందికే చేరతాయి. వాసన లేని లోషన్, కొన్ని ఖనిజాల మాత్రలు, ఇలాంటి దాదాపు 25 వస్తువుల్ని బట్టి ఆమె గర్భవతా కాదా, కాన్పు ఎప్పుడు అని అంచనా వేశారు. కూతురి గర్భం సంగతి తండ్రికంటే దుకాణానికే ముందు తెలిసిందన్న కథ చాలా ప్రచారమైంది. దాన్ని నమ్మనివాళ్ళూ ఉన్నారు. నాకు దానికన్నా ముఖ్యమనిపించింది ఇంకోటి. తమకు తెలిసిపోయిందని ఆడవాళ్ళు గ్రహిస్తే ఇబ్బంది పడతారని, పసిపిల్లల సరుకుల పక్కన గడ్డి కోసే యంత్రం ప్రకటన వేసి ఏమీ తెలియనట్టు నటించారు. చూడటం మానలేదు, చూస్తున్నట్టు కనపడటం మానేశారు.

ఆ చూపు నుంచి తప్పుకోవడం ఎంత కష్టమో ప్రిన్స్‌టన్ సామాజిక శాస్త్రవేత్త జానెట్ వెర్టెసీ 2014లో తన అనుభవంగా చెప్పింది. తన గర్భం సంగతి ఇంటర్నెట్‌కి తెలియకూడదని అన్నీ నగదుతో కొంది, జాడ తెలియనివ్వని బ్రౌజర్ వాడింది. పిల్లల బండి కొనడానికి 500 డాలర్ల గిఫ్ట్ కార్డులు నగదుతో కొనబోతే, అనుమానాస్పద లావాదేవీగా అధికారులకి తెలియజేయవచ్చన్న నోటీసు ఎదురైంది. తన సంగతి తన దగ్గర ఉంచుకోవాలనుకున్న స్త్రీ నేరస్థురాలిలా కనిపించిందన్నమాట.

2017లో ప్రిన్స్‌టన్ పరిశోధకులే మరో సంగతి చూపించారు. ఎక్కువమంది చూసే 50,000 సైట్లలో 482 చోట్ల, సందర్శకుల మౌస్ కదలికలూ కీబోర్డు మీద కొట్టిన అక్షరాలూ సినిమాలాగా రికార్డు చేసే కోడ్ కనిపించింది. ఫారంలో టైపు చేసి, మనసు మార్చుకుని చెరిపేసినవి కూడా అందులో పడే వీలుంది. రాసేవాళ్ళం కనక కొట్టివేత విలువ మనకి తెలుసు. చెప్పాలనుకుని మానేసిన మాట మన సొంతం. పంపకముందే దాన్ని చదివేయడాన్ని నేను దొంగచాటు చదువనే అంటాను.

ఈ లెక్కంతా ఒక్క ఊహ మీద నిలబడింది. ఒక పరికరానికి ఒక మనిషి. మన ఇళ్ళల్లో అది ఎంత నిజం? నిత్యా సాంబశివన్, ఆమె సహచరులు భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ స్త్రీలతో మాట్లాడి 2018లో ఒక పరిశోధన ప్రకటించారు. ఫోను ఇంటిల్లిపాదీ వాడుకునేది, ఆడపిల్ల దాన్ని ఎవరడిగినా ఇవ్వాలి. అందుకని వాళ్ళు కొన్ని యాప్‌లకి తాళం వేసుకుంటారు, చూసినవి చెరిపేస్తారు, ప్రైవేట్ మోడ్ వాడతారు. సాంబశివన్ అప్పుడు గూగుల్‌లోనే పనిచేస్తుండటం గమనించాలి. ఈ జాగ్రత్తలు ఇంటి చూపు కోసం. బజారు చూపు వేరు. ఈ రెండూ కలిసే చోటే ప్రమాదం. మధ్యాహ్నం ఆమె గర్భనిర్ధారణ కిట్ ఖరీదు చూస్తే, రాత్రి అదే ఫోనులో అత్తగారికో మరిదికో ఆ ప్రకటన కనపడవచ్చు. బజారు తనకి తెలియకుండానే ఇంటికి వేగు మోస్తుంది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, పిల్లల ప్రవర్తనని వెంటాడి గమనించడాన్ని నిషేధించింది. పెద్దల విషయంలో అంగీకారం తీసుకుంటే చాలు. ఎవరి అంగీకారం? నలుగురు వాడే ఫోనులో 'సరే' అన్న బొత్తాం నొక్కిన వేలు ఎవరిది? ఇంట్లో ఒకరు నొక్కిన 'సరే' ఇంటి ఆడవాళ్ళందరికీ వర్తించడం మనకి కొత్త కాదు. పెళ్ళిళ్ళలో, ఆస్తి కాగితాల్లో దాన్ని చూస్తూనే ఉన్నాం. అందుకే ఈ చర్చని సాంకేతిక నిపుణులకీ లాయర్లకీ వదిలేసి ఊరుకోకూడదు. చూసి కొనకుండా వెళ్ళిపోవడం, రాసి చెరిపేసుకోవడం, ఎవరికీ చెప్పకుండా ఒక సంగతి తెలుసుకోవడం మనం ఇళ్ళల్లో పోట్లాడి సంపాదించుకున్న స్వేచ్ఛలు. బజారులోనూ వాటిని అడగాల్సింది మనమే.