చెరకు తల్లి, రెల్లు తండ్రి

కార్తీకం దాటాక బోధన్ నుంచి రుద్రూర్ దిక్కు పోతుంటే చెరకు తోటల తలలమీద వెండిరంగు కుచ్చులు ఊగుతూ కనిపిస్తాయి. బాటసారికి అది అందం, రైతుకు బెంగ. పూత వచ్చిన గడ ఇక ఎదగదు. కోత ఆలస్యమైతే లోపల బెండుపడుతుంది, రసం తగ్గుతుంది. అందుకే చెరకు పూసిందంటే మన ఇళ్లలో ఎవరూ సంతోషించరు. కాని ఈ నేలకు తీపి తెచ్చిన రకాలన్నీ అలాంటి కుచ్చుల్లోనే పుట్టాయి. ఆ పుట్టుక కథ ఇది.

చెరకును మనం విత్తనం చల్లి పండించం. గడను రెండు మూడు కళ్ల ముచ్చెలుగా నరికి సాలులో పరుస్తాం. కన్ను మొలుస్తుంది, పిలకలు వేస్తుంది, నరికితే కార్శి వస్తుంది. ఇందులో ఆడ లేదు, మగ లేదు. తోటలో ఎన్ని వేల గడలున్నా అవన్నీ ఒకే మొక్కకు నకళ్లు. సౌకర్యం అందులోనే ఉంది, ముప్పూ అందులోనే ఉంది. ఒక గడను పడగొట్టిన తెగులు తోటనంతా పడగొడుతుంది.

గోదావరి జిల్లాల్లో జరిగింది అదే. పందొమ్మిదో శతాబ్దం చివర ఎర్రకుళ్లు తెగులు అక్కడి తోటలను ఊడ్చేసింది. తెగులు సోకిన గడను నిలువునా చీల్చి చూడండి: లోపలంతా ఎరుపు, ఆ ఎరుపుకు అడ్డంగా అక్కడక్కడ తెల్లని పట్టీలు, ముక్కుకు పులిసిన కల్లు వాసన. దాన్ని ఎదుర్కోవడానికి 1902లో సామర్లకోటలో చెరకు క్షేత్రం పెట్టారు. ఆ పని చూసినవాడు మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త చార్లెస్ ఆల్‌ఫ్రెడ్ బార్బర్. తట్టుకునే రకాలను ఎక్కడెక్కడినుంచో తెచ్చి నాటవచ్చు. లేని రకాన్ని తేవాలంటే మాత్రం సృష్టించాలి. సృష్టించాలంటే విత్తనం కావాలి.

చెరకు గొడ్డుమొక్క అని, దాని పూతలో గింజ ఉండదని లోకమంతా చాలాకాలం నమ్మింది. 1888 ప్రాంతంలో జావాలో సోల్ట్‌వెడెల్, బార్బడోస్‌లో హారిసన్, బొవెల్ ఆ నమ్మకాన్ని తప్పని తేల్చారు. చెరకుకు గింజ ఉంది. దూది పోగులో చిక్కుకున్న దుమ్ము రేణువంత ఉంటుంది, తడి నేలమీద చల్లితే గడ్డిపోచలా మొలుస్తుంది. ముచ్చె నుంచి వచ్చే మొక్క తల్లికి అచ్చు. గింజ నుంచి వచ్చే ప్రతి మొక్కా కొత్తది.

మన దేశంలో ఈ పనికి 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం మొదలైంది. అక్కడి వాతావరణంలో చెరకు బాగా పూస్తుంది, గింజ కడుతుంది. ఉత్తరాదిలో అరుదుగా పూస్తుంది. బార్బర్ అధిపతి, ఆయన వెంట టి.ఎస్. వెంకట్రామన్. వాళ్ల ముందున్న కోరిక పెద్దది: పంజాబు చలినీ, నీటి ఎద్దడినీ ఓర్చే చెరకు కావాలి. వాళ్లు వెతికిన వరుడు ఏటిగట్టున ఉన్నాడు. వాడే రెల్లు. బతుకమ్మ రోజుల్లో మంజీర ఒడ్డున తెల్లగా పూసేది అదే. తీపి లేదు, లావు లేదు. కాని వరదకు కొట్టుకుపోదు, ఎండకు చావదు.

ఇక్కడే ఆడ, మగ సమస్య వచ్చింది. తాటిచెట్టు సంగతి మన గీతకార్మికులను అడిగితే పోతుతాడు ఏదో, పెంటితాడు ఏదో దూరం నుంచే చెబుతారు. బొప్పాయిలోనూ, గంజాయిలోనూ ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. చెరకులో అలా కాదు. ఒకే చిన్న పువ్వులో అండాశయమూ పుప్పొడి తిత్తులూ రెండూ ఉంటాయి. తన పుప్పొడి తనమీదే రాలితే ఏ గింజకు తండ్రి ఎవరో తెలియదు. కాబట్టి ముందు నికరమైన తల్లిని గుర్తుపట్టాలి. పుప్పొడిని గాజు పలకమీద రాల్చి ఒక చుక్క అయోడిన్ వేస్తే, పిండిపదార్థం నిండిన మంచి రేణువులు నల్లబడతాయి, చచ్చు రేణువులు రంగు పట్టవు. పుప్పొడి చచ్చుదైన గడ ఆడదానికింద లెక్క.

‘వెల్లై’ అనే లావుపాటి తీపి చెరకు అలాంటి తల్లి. దాని పూతమీద రెల్లు పుప్పొడి పడింది. ఆ పెళ్లికి పుట్టిన బిడ్డ కో 205. 1918లో ఉత్తరాది రైతుల చేతికి వెళ్లి, పాత నాటురకాలను వెనక్కి నెట్టింది.

తరువాత జావాలో బ్రెమర్ అనే శాస్త్రవేత్త క్రోమోజోములు లెక్కపెట్టి ఒక వింత కనుక్కున్నాడు. మామూలుగా తల్లి సగం, తండ్రి సగం ఇస్తారు. తీపి చెరకుకు 80, కోయంబత్తూరు రెల్లుకు 64. సగం సగం కలిస్తే బిడ్డకు 72 ఉండాలి. కో 205లో ఉన్నవి 112. రెల్లు తన 64లో సగం, 32 ఇచ్చింది. తల్లి మాత్రం తన 80నీ దాచుకోకుండా ఇచ్చేసింది. తీపి చెరకు తల్లి స్థానంలో ఉన్నప్పుడే ఇలా జరుగుతుంది. అందువల్లే అడవిగడ్డితో కలిసినా బిడ్డలో తీపి మిగిలింది. తల్లి ఎవరన్నది చూసి మొదలుపెట్టినందుకు ఫలం ఇది.

అయినా మొదటి తరం గడ సన్నం. లావు కావాలంటే ఆ బిడ్డను మళ్లీ తల్లివైపు చెరకుకే ఇవ్వాలి. మన భాషలో చెప్పాలంటే మేనరికం చేయాలి. జావావాళ్లు తరతరాలుగా అలా చేసి 1921లో పి.ఓ.జె. 2878 సాధించారు. దాన్ని తల్లిగా, కోయంబత్తూరు రకం కో 290ను తండ్రిగా పెట్టి వెంకట్రామన్ బృందం తీసిన రకమే కో 419. దక్కన్ రైతులు దశాబ్దాలపాటు నమ్ముకున్న చెరకు అది. 1930లలో ఆ కేంద్రంలోనే పనిచేసిన జానకి అమ్మాళ్ రెల్లు జాతి క్రోమోజోములను పరిశోధించి ఈ సంకరాలకు శాస్త్రీయ పునాది వేసింది.

ఇక మన దిక్కు 1931లో నిజాంసాగర్ ప్రాజెక్టు పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చాయి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. నీళ్ల కథ, ఫ్యాక్టరీ కథ మనకు తెలుసు. గడ కథ పెద్దగా చెప్పుకోలేదు. రకాల పేర్లలోనే వాటి పుట్టిళ్లు ఉన్నాయి: ‘కో’ అంటే కోయంబత్తూరు, 87ఎ298లో ‘ఎ’ అంటే అనకాపల్లి, 83వి15లో ‘వి’ అంటే వుయ్యూరు. మన రుద్రూర్‌లోనూ చెరకు పరిశోధన కేంద్రం ఉంది. గింజ నుంచి మొలిచిన వేల మొక్కల్లో ఒక్కటి రైతు చేతికి రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది.

2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. మళ్లీ తెరవాలని రైతులు అడుగుతూనే ఉన్నారు. అడగాల్సినది ఇంకొకటి ఉంది. మంజీర ఒడ్డున ఇసుక తోడేచోట రెల్లు దుబ్బులు కూడా పోతున్నాయి. రేపటి కొత్త తెగులుకు మందు ఆ దుబ్బులోనే ఉండవచ్చు. పొలం గట్టున రెల్లుకు నిప్పు పెట్టేముందు ఒక్కమాట గుర్తుంచుకోండి: మన చెరకుకు అది తండ్రి.