ఎవురిదమ్మా ఆ కుక్క?

సోమలలో మా ఇంటి ముందర నిలబడి నలుగురు పెద్దమనుషులు ఈ మాట అడిగినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. 1984 ఎండాకాలం. మా చేన్లో కూలికి వచ్చే ఆమె కొడుకు, నా ఈడువాడే, వాళ్ళమ్మకు రావలసిన కూలి డబ్బుల కోసం మా వాకిట్లోకి వచ్చాడు. కర్రి వాడి పిక్క పట్టుకుంది. కర్రి మా ఇంట్లో తిరిగే నల్ల ఆడకుక్క. దాని మెడకు ఏనాడూ తాడు లేదు. ఆ మాటకొస్తే మా ఊళ్ళో ఏ కుక్క మెడకూ లేదు.

వాళ్ళు ముందు అడిగింది మా నాయనను. "మా కర్రి వుంటే కొట్టంలో దూడ జోలికి ఏదీ రాదు" అని అంతకు ముందు వారమే రచ్చబండ దగ్గర ఆయన చెప్పుకోవడం నేను విన్నాను. ఆ రోజు మాత్రం, "మాది గాదు. ఇంట్లో ఆడోళ్ళు ఏదో ఇంత వేస్తా వుంటారు, అది తింటా వుంటాది" అన్నాడు. అందరూ మా అవ్వ వైపు తిరిగారు. "ఎవురిదమ్మా ఆ కుక్క?" అన్నారు. ఆమె చేతిలో సంగటి గిన్నె వుంది. "కూడు పెట్టేది నేనే. నాదే అనుకోండి" అంది అవ్వ.

ఆ పిల్లాడికి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేశారు. రోజూ వాణ్ణి తీసుకుని వాళ్ళమ్మ బస్సులో పట్నం ఆసుపత్రికి పోయి రావాలి. రోజూ చార్జీలు, రోజూ పోయే కూలి. కోడిగుడ్లు అమ్మి దాచుకున్న డబ్బులు అవ్వ మూటవిప్పి ఇచ్చింది. అవి నాలుగు రోజుల బస్సుకు కూడా చాలలేదు. ఈలోగా కర్రిని కట్టెలతో కొట్టి చంపారు. ఆ సంగతి చెప్పి ఓదార్చడానికి వెళ్ళిన వాళ్ళను ఆ తల్లి ఒకటే అడిగిందట: "కుక్కను చంపినారు సరే, నా కూలి ఎవురిస్తారు?"

పిల్లాడు బతికాడు. ఆ రెండు ప్రశ్నలు మాత్రం నలభై ఏళ్ళుగా నాలో వుండిపోయాయి. మగ పెద్దమనుషులు అడిగింది ఆ కుక్క ఎవరిది అని. ఆమె అడిగింది ఈ బరువు ఎవరు మోస్తారు అని. మన దేశంలో కుక్కల మీద వచ్చిన చట్టాలూ తగాదాలూ చదువుతూ పోతే, రెండు వందల ఏళ్ళుగా మొదటి ప్రశ్న చుట్టూనే తిరిగామనిపిస్తుంది.

1832లో బొంబాయిలో కంపెనీ ప్రభుత్వం యజమాని లేని కుక్కల్ని చంపించింది. చంపిన కుక్కకు ఎనిమిది అణాలు బహుమానం. డబ్బు ఆశతో ఇళ్ళ వాకిళ్ళలో వున్న వాటినీ పట్టుకుపోతుంటే, కుక్కను పవిత్రంగా చూసే పారశీలు ఆ జూన్‌లో తిరగబడ్డారు. బజార్లు మూతపడ్డాయి. వలస పాలనలో ఆ నగరం చూసిన తొలి అల్లర్లలో అదొకటి. మతం, ప్రభుత్వం, ఆస్తి, అన్నీ ఆ తగాదాలో వున్నాయి. ఆ కుక్కలకు రోజూ రొట్టె ముక్క పెట్టిన చేతుల ప్రస్తావన నాకు ఎక్కడా కనిపించలేదు.

1860 భారత శిక్షా స్మృతి 289వ సెక్షన్ తన స్వాధీనంలో వున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్త తీసుకోని వ్యక్తికి ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అంది. 2024 జూలై 1 నుంచి అదే విషయం భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్. జరిమానా 5,000 అయింది. చట్టం వాడిన మాట స్వాధీనం. కర్రి ఎవరి స్వాధీనంలో వుంది? కొట్టానికి కాపలా కావలసినప్పుడు నాయన స్వాధీనం. కరిచినప్పుడు అవ్వ స్వాధీనం. ఇల్లూ చేనూ ఏదీ తన పేరున లేని అవ్వకు జీవితం మొత్తంలో దక్కిన ఆస్తి ఆ ఒక్క పూట, ఆ ఒక్క కుక్క!

కాటుకు వైద్యం చరిత్ర కూడా ఇలాంటిదే. పాశ్చర్ 1885లో రేబిస్ టీకా కనిపెట్టాడు. మన దేశంలో 1900లో కసౌలిలో, 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ సంస్థలు వచ్చాయి. 1902లో ఒక ఆంగ్ల యువతి రేబిస్‌తో చనిపోవడం కూనూరు సంస్థ స్థాపనకు ప్రేరణ అని చెబుతారు. ఆమె పేరు చరిత్రలో వుంది. సోమల నుంచి కూనూరు దాకా వెళ్ళలేక, పసరు తాగించుకుని, మంత్రం వేయించుకుని పోయిన ఆడవాళ్ళకు పేర్లు లేవు. గొర్రె మెదడు నుంచి తయారుచేసే ఆ పాత టీకానే 1984లో ఆ పిల్లాడి పొట్టలోకి ఎక్కింది. దాని వాడకం మన దేశంలో 2005 నాటికి గానీ ఆగలేదు. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు సూదులతో సరిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అయినా పిల్లను చంకనేసుకుని ఆ నాలుగైదు సార్లూ పనులు మానుకుని వెళ్ళేది ఎవరో మనకు తెలుసు.

మా ప్రాంతానికి ఈ కథతో ఒక చుట్టరికం వుంది. మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టిన అనీబిసెంట్ దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షురాలు. ఆ సమాజంలోనే ఎదిగిన రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు నామినేట్ అయి, జంతువుల పట్ల క్రూరత్వాన్ని ఆపాలంటూ సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇస్తే ఉపసంహరించుకున్నారు. 1960లో ఆ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. మద్రాసులో బ్లూక్రాస్ పెట్టిన వాళ్ళలో పైలట్ ఉషా సుందరం వున్నారు. 1992లో హైదరాబాద్‌లో అమల బ్లూక్రాస్ ప్రారంభించారు. వీధికుక్కల్ని చంపకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్న 2001 నిబంధనల వెనుక మేనకాగాంధీ పట్టుదల వుంది. నాట్యం, విమానం, సినిమా, రాజకీయం, ఎన్ని దారుల నుంచి వచ్చిన స్త్రీలో చూడండి! జాలిని ఆడవాళ్ళ బలహీనత అని కొట్టిపారేసే చోట దాన్ని చట్టంగా మార్చడం చిన్న పని కాదు. వాళ్ళ పట్ల నాకు గౌరవం వుంది.

కానీ ఆ చట్టాల్లోనూ కర్రికి చోటు లేదు. 2001 నిబంధనలు కుక్కల్ని రెండుగా విడదీశాయి, పెంపుడు కుక్కలు, వీధికుక్కలు అని. మొదటి దానికి యజమాని బాధ్యుడు, రెండోదానికి స్థానిక సంస్థ. మా ఊరి కుక్కలు రెండూ కావు. వాకిలి తెలుసు, గొలుసు తెలియదు. తినేది ఒకచోట, పడుకునేది ఒకచోట, కాసేది ఇంకొకరి కళ్ళం. 2023లో వచ్చిన కొత్త నిబంధనలు వీటిని సమాజపు జంతువులు అన్నాయి. మాట బాగుంది. పల్లెల్లో ఆ సమాజం అంటే ఎవరు? రాత్రి మిగిలిన సంగటి నీళ్ళలో పిసికి పోసే ఆడమనిషే కదా.

ఇంకో సంగతి. కర్రి మా ఇంటికి ఎవరో తెస్తే రాలేదు. ఊరి బయట చింతచెట్ల కింద ఎవరో వదిలేసిన నాలుగు పిల్లల్లో ఒకటి. నాలుగూ ఆడవే. మగపిల్లల్ని ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. "ఆడదైతే వద్దు, ఈనతా వుంటాది" అంటారు. ఇవాళ్టికీ అంతే. ఊరి చివర కోడిమాంసం అంగళ్ళ దగ్గర గుంపులుగా తిరిగేవి చాలావరకు ఇలా వదిలేసిన ఆడకుక్కలూ, వాటి పిల్లలూ. ఆకలితో చచ్చేలా జంతువును వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్ళు దాటినా అది మారలేదు. కుక్కను కని పడేసిన సమాజం యాభై రూపాయలతో బయటపడుతుంది. దానికి కూడు పెట్టిన మనిషి పంచాయితీలో నిలబడుతుంది.

ఈ మాటలు రాస్తూ అవ్వ మీద జాలితో ఒక నిజాన్ని దాటేయలేను. కర్రి నన్ను కరవలేదు. మా కులం పిల్లల్ని ఎవరినీ కరవలేదు. దళితవాడ నుంచి వచ్చిన పిల్లాణ్ణే కరిచింది. కుక్కకు కులం తెలుసా? వాళ్ళు వాకిట్లోకి వస్తే "ఎవురది, ఆడే నిలబడు" అని కసిరిన మా గొంతులు దానికి తెలుసు. ఆ గొంతుల్లో అవ్వదీ వుంది. సంగటి పెట్టిన చెయ్యీ, గీత గీసిన గొంతూ ఒకే మనిషివి. మనం స్త్రీల శ్రమ గురించి మాట్లాడుకునేటప్పుడు ఇది మరిచిపోతే, కరిపించుకున్న ఆ తల్లి మళ్ళీ వాకిలి బయటే మిగిలిపోతుంది.

ఇప్పుడు దేశమంతా ఇదే గొడవ. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కాపలా పనివాడి నాలుగేళ్ళ కొడుకును, తండ్రి పనిచేసే చోటే, వీధికుక్కలు చంపేశాయి. ఆ దృశ్యం చూసిన ఏ తల్లీ మరిచిపోలేదు. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చి, ఆపరేషన్, టీకా అయినవాటిని, రేబిస్ వున్నవీ మీద పడేవీ తప్ప, తిరిగి అక్కడే వదలమంది. వీధుల్లో తిండి పెట్టొద్దు, కేటాయించిన చోటే పెట్టమంది. కేసులో వాదన వినిపించాలనుకునే కుక్కల ప్రేమికులు ఒక్కొక్కరు 25,000, సంస్థలు రెండు లక్షలు కట్టమంది. నవంబర్ 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి కుక్కల్ని తీసేసి తిరిగి అక్కడ వదలొద్దని చెప్పింది.

తిండి పెట్టే వాళ్ళ మీద అపార్ట్‌మెంట్లలో తిట్లూ దాడులూ జరుగుతున్నాయి. ఆ తిట్లు పడేవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే. "పిల్లల్లేని దానివి కాబట్టి కుక్కల్ని సాకుతున్నావు" అనే మాట వినని వాళ్ళు తక్కువ. రెండోవైపు తెల్లవారకముందే వీధులు ఊడ్చే మునిసిపల్ కార్మికురాలు, చీకట్లో పాలకేంద్రానికి క్యాను మోసుకెళ్ళే మనిషి, ఒక చేతిలో ఎప్పుడూ కట్టె పట్టుకునే నడవాలి. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి చర్చ పెడుతున్నారు. మనల్ని ఏదో ఒక పక్షం తేల్చుకోమంటున్నారు. నేను తేల్చుకోను. ఎందుకంటే ఆ ఇద్దరూ మోస్తున్నది వేరెవరో దించుకున్న బరువును. చెత్త ఎత్తని పంచాయతీ, ఆపరేషన్లకు డబ్బు పెట్టని మునిసిపాలిటీ, ఆడపిల్లల్ని చింతచెట్ల కింద వదిలే ఇళ్ళు, సరదా తీరాక గేటు తెరిచి తోలేసే యజమానులు, వీళ్ళెవరూ ఆ చర్చలో కనిపించరు. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నారు గానీ, ఆ దెబ్బ పడేది ఎప్పుడూ కుక్క మీదా, కూడు పెట్టిన చేతి మీదే.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు మాత్రం ఒకచోట చిన్న జవాబు వచ్చింది. 2023 నవంబరులో పంజాబ్–హర్యానా హైకోర్టు, వీధి జంతువుల వల్ల జరిగే నష్టానికి పరిహారం ఇవ్వాల్సింది మొదట ప్రభుత్వమేనంది. కుక్క కరిస్తే ఒక్కో పంటిగాటుకు కనీసం పది వేలు ఇమ్మంది. అది ఆ హైకోర్టు పరిధి వరకే. అయినా అది చదివిన రోజు నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, ఆ పిల్లాడి పిక్క మీద ఎన్ని గాట్లు చూశానో. నాలుగు.

యజమాని అనే మాట యజ్ఞం చేయించేవాడు అనే అర్థం నుంచి వచ్చింది. నన్నయ భారతం మొదట్లోనే ఒక యజ్ఞం దగ్గర ఒక కుక్కపిల్లను అకారణంగా కొడతారు. దాని తల్లి సరమ నేరుగా ఆ యజ్ఞానికి యజమాని అయిన జనమేజయుడి ముందుకు వెళ్ళి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీస్తుంది. భారతం చివర్లో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడని మనకు గొప్పగా చెబుతారు. అదే దారిలో ముందుగా పడిపోయిన ద్రౌపది కోసం ఆయన ఆగలేదు. నాకు ధర్మరాజు దయ కంటే సరమ ప్రశ్నే దగ్గరగా అనిపిస్తుంది. దెబ్బ తిన్న బిడ్డ తల్లి, ఎవరి ముందు నిలబడి అడగాలో తెలిసిన తల్లి.

మా అవ్వ కర్రి చచ్చిన చోట కూర్చుని ఏడవడం చూశాను. పిల్లాడి తల్లి బస్సు దిగి నడుచుకుంటూ పోవడం చూశాను. ఆ రెండు ఇళ్ళ మధ్య దూరం రెండు వందల అడుగులు. వాళ్ళిద్దరూ ఒకరి వాకిట్లో ఒకరు కూర్చుని, నాయన ముందుకో పంచాయితీ ముందుకో కలిసి వెళ్ళి "మా లెక్క తేల్చండి" అని అడిగి వుంటే ఎలా వుండేదో నాకు తెలియదు. మధ్యలో మేము గీసుకున్న గీత వుంది, దాని మీద కాపలాకు ఒక కుక్కను పెట్టుకున్నాం.